ఉడికిన గుడ్డు పెంకు ఎందుకు అంటుకుంటుంది? తేలిగ్గా ఒలిచే పద్ధతి ఏమిటి?

ఈ పాఠం చదివిన తరువాత మీరు వీటిని వివరించగలుగుతారు:

• కోడిగుడ్డు లోపలి నిర్మాణం, పొరల పాత్ర
• తాజా గుడ్డు పెంకు ఎక్కువగా అంటుకోవడానికి కారణం
• ఉడికించే విధానానికీ, పెంకు ఊడి రావడానికీ ఉన్న సంబంధం
• ఇంట్లో నాలుగు గుడ్లకూ, బడి వంటశాలలో వంద గుడ్లకూ అనుసరించవలసిన పద్ధతులు

ప్రవేశిక

కోడిగుడ్డు ఉడకబెట్టడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు. నీళ్లు, పొయ్యి, పది పన్నెండు నిమిషాల సమయం ఉంటే చాలు. అసలు తిప్పలు ఆ తరువాతే మొదలవుతాయి. ఒక గుడ్డు పెంకు రెండు మూడు పెద్ద ముక్కలుగా ఊడి వచ్చేస్తుంది. అదే గిన్నెలో ఉడికిన మరో గుడ్డు పెంకు గోరంత ముక్కలుగా విరుగుతూ, ప్రతి ముక్కతోనూ కాస్త తెల్లసొనను పీక్కుని వస్తుంది. చివరికి చేతిలో మిగిలేది గుంతలు పడ్డ గుడ్డు.

ఇంట్లో నాలుగు గుడ్లకైతే ఇది చిన్న చికాకు మాత్రమే. ఒక ప్రభుత్వ పాఠశాల వంటశాలను ఊహించుకోండి. వండిన మధ్యాహ్న భోజనం పెట్టాలని 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించిన తరువాత దేశమంతటా బడి వంట స్థిరపడింది. 2021లో ఆ పథకానికి పీఎం పోషణ్ అని పేరు మార్చారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడు, కర్ణాటక వంటి రాష్ట్రాలు ఆ భోజనంలో గుడ్డును కూడా చేర్చాయి. అన్నం, పప్పు దించి, వంద గుడ్లు ఉడికించి, భోజనం గంట కొట్టేలోగా ఆ వందా ఒలవవలసింది ఇద్దరు ముగ్గురు మహిళలే.

పెంకుతోపాటు ఒక్కో గుడ్డు నుంచి 5 గ్రాముల తెల్లసొన పోయిందనుకోండి. వంద గుడ్లకు అది 500 గ్రాములు. ఒక మధ్యరకం గుడ్డులో తెల్లసొన సుమారు 32 గ్రాములు ఉంటుంది. అంటే దాదాపు 16 గుడ్ల తెల్లసొన పెంకుల బుట్టలోకి పోయిందన్నమాట. చితికిన గుడ్డును చూసి పిల్లవాడు పాడైపోయిందనుకుని పక్కన పెడితే మొత్తం గుడ్డే పోయినట్టు. అప్పుడు అందరూ తప్పుపట్టేది వంటమనిషి చేతినే. నిజానికి ఆ చేతిలోకి రాకముందే గుడ్డు సంగతి చాలావరకు తేలిపోయి ఉంటుంది. ఎలాగో చూద్దాం.

1. గుడ్డు లోపల ఏముంది?

సుమారు 55 గ్రాముల గుడ్డు తీసుకుంటే అందులో పెంకు 6 గ్రాములు, తెల్లసొన 32 గ్రాములు, పచ్చసొన 17 గ్రాములు ఉంటాయి. పెంకులో అధిక భాగం కాల్షియం కార్బొనేట్. సున్నపురాయిలోనూ, సుద్దలోనూ ఉండే పదార్థమే ఇది. పెంకు కంటికి నున్నగా కనిపించినా దానిలో వేలకొద్దీ సన్నని రంధ్రాలు ఉంటాయి. లోపల పెరిగే పిల్లకు గాలి అందేది వాటి గుండానే.

పెంకుకూ తెల్లసొనకూ మధ్య రెండు పలుచని పొరలు ఉన్నాయి. రెండూ ప్రోటీను పోగులతో అల్లినట్టుగా ఉంటాయి. వెలుపలి పొర పెంకును కరుచుకుని ఉంటుంది. లోపలి పొర తెల్లసొనను చుట్టి ఉంటుంది. కోడి గుడ్డు పెట్టినప్పుడు అది కోడి ఒంటి వేడితో ఉంటుంది. చల్లారేకొద్దీ లోపలి పదార్థం కుంచించుకుపోయి, మొద్దుగా ఉన్న కొన దగ్గర ఈ రెండు పొరలూ విడిపోయి, మధ్యలోకి గాలి చేరుతుంది. దీన్ని గాలి గది అంటారు. ఉడికిన గుడ్డును ఒలిచినప్పుడు మొద్దు కొన దగ్గర కనిపించే చిన్న పల్లం ఈ గదిదే.

ఇప్పుడు మన సమస్యను కచ్చితంగా చెప్పుకోవచ్చు. తెల్లసొన నేరుగా పెంకుకు అంటుకోదు, లోపలి పొరకు అంటుకుంటుంది. ఆ పొర వెలుపలి పొరకు, వెలుపలి పొర పెంకుకు అంటుకుని ఉంటాయి. అందుకే పెంకు లాగితే తెల్లసొన కూడా వస్తుంది. కనుక మనం విడదీయవలసిన బంధం తెల్లసొనకూ లోపలి పొరకూ మధ్య ఉన్నదే.

ఎండిన ఈ పొరను చూసి అది ప్లాస్టిక్ అని భయపడేవారున్నారు. 2017లో దేశంలో కొన్నిచోట్ల ప్లాస్టిక్ గుడ్ల పుకారు బలంగా వ్యాపించింది. అటువంటి గుడ్లు లేవని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ తరువాత వివరణ ఇచ్చింది. కాగితంలా ఊడివచ్చే ఆ పొర కోడి శరీరంలో తయారైన ప్రోటీనే.

2. తాజా గుడ్డే ఎందుకు మొండికేస్తుంది?

ఇంట్లో నాటు కోళ్లు పెంచుకునేవారికి ఈ అనుభవం ఉండే ఉంటుంది. నిన్న పెట్టిన గుడ్డును ఇవాళ ఉడికిస్తే పెంకు ఒక పట్టాన రాదు. కొట్టు నుంచి తెచ్చిన గుడ్డు మాత్రం సులువుగా వచ్చేస్తుంది. దీన్ని బట్టి నాటు గుడ్డు పెంకు గట్టిదనో, ఫారం గుడ్డు నాసిరకమనో అనుకుంటారు. అసలు తేడా జాతిలో కంటే గుడ్డు వయసులో ఉంది.

అప్పుడే పెట్టిన గుడ్డులోని తెల్లసొనలో కార్బన్ డయాక్సైడ్ వాయువు కరిగి ఉంటుంది. అది నీటితో కలిసి బలహీనమైన ఆమ్లంగా పనిచేస్తుంది. అందువల్ల తాజా తెల్లసొన పీహెచ్ విలువ 7.6 నుంచి 8 మధ్య, అంటే తటస్థానికి దగ్గరగా ఉంటుంది. ఆమ్ల క్షార గుణాలను కొలిచే పీహెచ్ స్కేలులో 7 తటస్థం, అంతకు మించితే క్షారం అని మీకు తెలుసు. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ చాలా తక్కువ. కనుక గుడ్డులోని వాయువు పెంకు రంధ్రాల గుండా మెల్లగా బయటికి పోతుంది. ఆమ్లం తగ్గేకొద్దీ తెల్లసొన క్షారగుణం పెరుగుతుంది. కొన్ని రోజుల్లో పీహెచ్ 9 దాటి, 9.2 దాకానో ఇంకొంచెం పైకో చేరుతుంది.

పీహెచ్ 8 దగ్గర ఉన్న తెల్లసొనను ఉడికిస్తే అందులోని ప్రోటీన్లు లోపలి పొరతో గట్టిగా పెనవేసుకుంటాయి. పీహెచ్ సుమారు 8.7 దాటాక ఆ పట్టు సడలుతుంది. క్షారగుణం పెరిగినప్పుడు ప్రోటీన్లపై ఋణావేశం పెరిగి, అవి పొరను అంత గట్టిగా పట్టుకోలేకపోవడం ఇందుకు కారణంగా చెబుతారు. గుడ్డు నిల్వ ఉన్నకొద్దీ నీరు కూడా కొంత ఆవిరై, గాలి గది పెద్దదవుతుంది. దానితో ఒలవడం మొదలుపెట్టడానికి చోటు దొరుకుతుంది.

ఈ వాయువు వేడిలో త్వరగా, చల్లదనంలో నెమ్మదిగా బయటికి పోతుంది. మన ఎండల్లో బయట ఉంచిన గుడ్డుకు మూడు నాలుగు రోజుల్లో వచ్చే మార్పుకు ఫ్రిజ్‌లోని గుడ్డుకు వారం, పది రోజులు పట్టవచ్చు. ఉడికించే పని ఉందని తెలిస్తే ఇంట్లో ఉన్నవాటిలో ముందు తెచ్చిన గుడ్లు దానికి వాడండి. తాజావి అట్టుకో, పొరటుకో ఉంచుకోండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. పెంకు తేలిగ్గా రావాలని గుడ్లను వారాల తరబడి మగ్గబెట్టకూడదు. పాతబడ్డ గుడ్డులో తెల్లసొన పలుచబడుతుంది, పచ్చసొన పక్కకు ఒరుగుతుంది, వేడికాలంలో చెడిపోయే ప్రమాదమూ ఉంది. గిన్నెడు నీళ్లలో గుడ్డు వేసి చూడండి. అడుగున అడ్డంగా పడుకుంటే తాజాది. మొద్దు కొన పైకి లేచి ఏటవాలుగా ఉంటే కొన్ని రోజులది, ఉడికించడానికి అనువైనది. నిలువుగా నిలబడితే బాగా పాతది, పగలగొట్టి వాసన చూశాకే వాడాలి. పైకి తేలితే పారవేయండి.

3. వేడి ఎలా తగలాలి?

గుడ్డు వయసు ఎప్పుడూ మన చేతిలో ఉండదు. ఉడికించే తీరు మాత్రం మన చేతిలోదే.

తెల్లసొన సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దాటాక గడ్డకట్టడం మొదలుపెడుతుంది. అందులో సగానికి పైగా ఉండే ఓవాల్బుమిన్ అనే ప్రోటీను గట్టిపడాలంటే 80 డిగ్రీలు దాటాలి. గుడ్లను చన్నీళ్లలో వేసి పొయ్యి వెలిగిస్తే వేడి మెల్లగా ఎక్కుతుంది. ప్రోటీన్లు తాపీగా విచ్చుకుని, పొరతో కలిసిపోవడానికి కావలసినంత వ్యవధి దొరుకుతుంది. మరుగుతున్న నీటిలో వేస్తే అంచున ఉన్న తెల్లసొన ఒక్కసారిగా గడ్డకట్టి, పొరతో పెనవేసుకోకముందే తనలో తాను ముడుచుకుంటుంది. చాలా ఇళ్లలో అలవాటుగా చన్నీళ్లతోనే మొదలుపెడతారు. మార్చుకోవలసిన మొదటి అలవాటు ఇదే.

నాలుగు గుడ్లకు పద్ధతి ఇది. గుడ్లు మునిగి, పైన రెండు వేళ్ల మందం నీరు ఉండేలా గిన్నెలో నీళ్లు మరిగించండి. ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్లయితే పావుగంట బయట ఉంచండి. చిల్లుల గరిటెతో ఒక్కొక్కటిగా మెల్లగా దించండి. పైనుంచి జారవిడిస్తే పగులుతాయి. నీళ్లు ఎగిరిపడకుండా మంట కాస్త తగ్గించి 11 నిమిషాలు ఉడికించండి.

ఆవిరి మీద ఉడికించడం కూడా అంతే మంచిది. ఇడ్లీ పాత్రలో అడుగున నీళ్లు మరిగాక, రేకుల మీద గుడ్లు పెట్టి, మూత వేసి 12, 13 నిమిషాలు ఉంచండి. ఒక గ్రాము ఆవిరి పెంకు మీద నీరుగా మారినప్పుడు దాదాపు 540 కేలరీల ఉష్ణాన్ని వదులుతుంది. అందువల్ల పెంకుకు వేడి వేగంగా తగులుతుంది. పైగా గుడ్లు ఒకదానితో ఒకటి కొట్టుకుని పగలవు.

కొండ ప్రాంతాల్లో నీరు తక్కువ ఉష్ణోగ్రతలోనే మరుగుతుంది. సిమ్లాలో సుమారు 93 డిగ్రీలకు, లేహ్‌లో సుమారు 88 డిగ్రీలకు మరుగుతుంది. అక్కడ ఉడికే సమయం మరికొన్ని నిమిషాలు పెంచుకోవాలి.

4. వెంటనే చల్లార్చాలి

దించిన గుడ్లను వెంటనే చల్లని నీటిలో వేయండి. దీనివల్ల మూడు ప్రయోజనాలున్నాయి. మొదటిది, తెల్లసొన గట్టిపడి, కొంచెం ముడుచుకుని, ఒలిచేటప్పుడు చిరగకుండా నిలుస్తుంది. వేడి మీద ఉన్న తెల్లసొన మెత్తగా ఉండి తేలిగ్గా చిరుగుతుంది. రెండోది, గుడ్డు తన వేడికి తానే ఇంకా ఉడకడం ఆగుతుంది. మూడోది, పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ వలయం ఏర్పడదు. ఎక్కువసేపు ఉడికితే తెల్లసొనలోని గంధకం, పచ్చసొనలోని ఇనుము కలిసి ఆ రంగు ఇస్తాయి. అది హానికరం కాదు, చూడటానికే బాగుండదు.

మంచు ముక్కలు లేకపోయినా ఫరవాలేదు. కుండలో నీళ్లు చాలు. పది నిమిషాలు ఉంచి, మధ్యలో ఒకసారి నీళ్లు మార్చండి. అయితే ఆ నీళ్లు తాగే నీళ్లయి ఉండాలి. గుడ్డు చల్లారేటప్పుడు లోపల ఒత్తిడి తగ్గి, పెంకు రంధ్రాల గుండా, పగుళ్ల గుండా కొంత నీరు లోపలికి పీల్చుకోబడుతుంది. మురికి నీటిలో చల్లారిస్తే శుభ్రంగా ఉడికిన గుడ్డులోకి మనమే క్రిములను పంపినట్టవుతుంది.

5. ఒలిచే తీరు

గుడ్డు మొద్దు కొనను గట్టు మీద తట్టి పగలగొట్టండి. తరువాత అరచేతి కింద ఉంచి, తేలికగా అదుముతూ దొర్లించి, పెంకంతా సన్నని పగుళ్లు వచ్చేలా చేయండి. మొద్దు కొన దగ్గర గాలి గది ఉంది కనుక అక్కడ తెల్లసొన పెంకును ఆనుకుని ఉండదు. అక్కడే బొటనవేలు పోనిచ్చి, లోపలి పొర కిందికి వెళ్లిందని చూసుకున్నాక లాగండి. వేలు పొర పైనే ఉండిపోతే పెంకు ముక్కలుగా రాలుతుంది. పొర కిందికి వెళితే ముక్కలన్నీ ఆ పొరకు అతుక్కుని పట్టీలా ఊడివస్తాయి. మొండికేస్తున్న గుడ్డును గిన్నెడు నీళ్లలో ముంచి ఒలవండి. నీరు పొర కిందికి చేరి దారి చేస్తుంది.

6. వంద గుడ్ల లెక్క

బడి వంటశాలలో పైన చెప్పిన పద్ధతిని ఉన్నదున్నట్టు పాటిస్తే ఫలితం రాకపోవచ్చు. కారణం లెక్కలో ఉంది. 30 డిగ్రీల వేడిలో ఉన్న 100 గుడ్లను 10 లీటర్ల మరిగే నీటిలో ఒకేసారి వేశామనుకోండి. పొయ్యి అందించే వేడిని పక్కన పెడితే, గుడ్లూ నీళ్లూ కలిసి దాదాపు 79 డిగ్రీల దగ్గర సమానమవుతాయి. మళ్లీ మరిగేదాకా గుడ్లు మెల్లగా వేడెక్కుతాయి. పేరుకు మరిగే నీళ్లయినా జరిగేది చన్నీళ్ల పద్ధతికి దగ్గరగా ఉంటుంది. అదే నీటిలో ఒక ట్రే, అంటే 30 గుడ్లు మాత్రమే వేస్తే ఉష్ణోగ్రత 92 డిగ్రీల దగ్గర నిలుస్తుంది, కాసేపట్లోనే మళ్లీ మరుగుతుంది. కనుక ట్రే చొప్పున విడతలుగా ఉడికించాలి. పెద్ద ఇడ్లీ పాత్ర ఉంటే ఆవిరి పద్ధతి ఇంకా మేలు. నీళ్లూ తక్కువ పడతాయి, గ్యాసూ కలిసివస్తుంది.

చల్లార్చడంలోనూ ఇదే లెక్క. ఉడికిన 100 గుడ్లను 30 డిగ్రీల నీళ్లు 10 లీటర్లలో వేస్తే ఆ నీళ్లే 50 డిగ్రీలకు చేరతాయి. అవి పారబోసి మళ్లీ 10 లీటర్లు పోస్తే 36 డిగ్రీలకు దిగుతాయి. ఒక్కసారి నీళ్లు పోసి చల్లారాయనుకోవడం పొరపాటు, రెండుసార్లు మార్చి తీరాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది నిల్వ. సరుకు వచ్చిన రోజు తేదీ ప్రతి ట్రే మీద సుద్దతో రాయండి. ముందు వచ్చిన ట్రే ముందు వాడండి. అప్పుడే దిగిన గుడ్లను వీలైతే రెండు మూడు రోజులు నీడలో, గాలి తగిలే చోట ఉంచి వాడండి. ఖర్చు లేకుండా వంటమనిషి శ్రమను తగ్గించే పని ఇది. ఒలిచిన గుడ్లను రెండు గంటలలోపు, ఎండాకాలంలో గంటలోపు పిల్లలకు వడ్డించాలి. పొద్దున్నే ఒలిచి పెట్టుకోవడం మంచిది కాదు.

7. వాడుకలో ఉన్న చిట్కాలు

ఉప్పు, వెనిగర్: గుడ్డు పగిలినప్పుడు బయటికి కారే తెల్లసొన త్వరగా గడ్డకట్టడానికి ఇవి ఉపయోగపడతాయి. పెంకు ఊడి రావడానికి వీటిని నమ్ముకోనక్కర్లేదు. వెనిగర్ పెంకులోని కాల్షియం కార్బొనేట్‌ను కరిగిస్తుంది కానీ, పది నిమిషాల్లో చెంచాడు వెనిగర్ చేసే పని స్వల్పం.

వంట సోడా: క్షారగుణం మేలు చేస్తుందన్న ఆలోచన సరైనదే. కానీ మనకు క్షారగుణం కావలసింది గుడ్డు లోపల, చుట్టూ ఉన్న నీటిలో కాదు. ఎక్కువ వేస్తే రుచి చెడుతుంది.

సూదితో గుచ్చడం: మొద్దు కొన దగ్గర చిన్న రంధ్రం చేస్తే గాలి బయటికి పోయి అక్కడి పల్లం తగ్గుతుంది. పెంకు అంటుకోవడం మీద దీని ప్రభావం తక్కువ.

చేసి చూడండి

ఒకే రోజు తెచ్చిన 12 గుడ్లు తీసుకోండి. ఆరింటిని చన్నీళ్లతో మొదలుపెట్టి, ఆరింటిని మరిగే నీళ్లలో వేసి ఉడికించండి. ఒకేలా చల్లార్చి ఒలవండి. ఏ గుంపు పెంకులు ఆ గుంపువి విడిగా తూచండి. పెంకు, పొరల బరువు గుడ్డుకు 6, 7 గ్రాములుంటే, అంతకు మించినదంతా పెంకుతో పోయిన తెల్లసొనే.

రెండో ప్రయోగం. పసుపు నీటిలో ముంచి ఆరబెట్టిన తెల్లకాగితం మీద తాజా గుడ్డు పచ్చి తెల్లసొన ఒక చుక్క, వారం నాటి గుడ్డుది ఒక చుక్క వేయండి. పసుపులో సున్నం కలిపితే ఎర్రని పారాణి అవుతుందని మీకు తెలుసు. క్షారం తగిలితే పసుపు ఎరుపెక్కడమే దీనికి కారణం. ఈ మార్పు పీహెచ్ 8.6 ప్రాంతంలో కనిపిస్తుంది. పెంకు పట్టు సడలేదీ దాదాపు అక్కడే. రెండు చుక్కల రంగు పోల్చి చూడండి.

సారాంశం

పెంకు అంటుకోవడమంటే తెల్లసొన లోపలి పొరకు అంటుకోవడం. గుడ్డులోని కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి క్షారగుణం పెరిగేకొద్దీ ఈ పట్టు సడలుతుంది. అందుకే మరీ తాజాది కాకుండా కొద్ది రోజుల గుడ్డు మేలు. మరిగే నీటిలోగానీ ఆవిరిలోగానీ ఉడికించి, శుభ్రమైన చన్నీటిలో పూర్తిగా చల్లార్చి, మొద్దు కొన నుంచి పొర కిందికి వేలు పోనిచ్చి ఒలవాలి. చేతి నైపుణ్యం అవసరమయ్యేది ఆఖరి మెట్టులోనే. మొదటి మూడు మెట్లూ సరిగా ఉంటే కొత్త చేతికీ గుడ్డు నున్నగానే వస్తుంది. అవి సరిగా లేకపోతే ఎంత అనుభవం ఉన్న వంటమనిషైనా ఏమీ చేయలేదు. ఈసారి గుంతలు పడ్డ గుడ్డు కనిపిస్తే, ఒలిచిన మనిషిని అడిగే ముందు, ఆ ట్రే ఎప్పుడు వచ్చిందో, ఎన్ని గుడ్లు ఒకేసారి వేశారో, చల్లార్చడానికి నీళ్లు చాలాయో లేదో అడగండి.

ఆలోచించి జవాబులు రాయండి

1. గాలి గది ఎలా ఏర్పడుతుంది? ఒలవడంలో దాని ఉపయోగం ఏమిటి?
2. ఎండాకాలంలో బయట ఉంచిన గుడ్డు, ఫ్రిజ్‌లో ఉంచిన గుడ్డు – మూడు రోజుల తరువాత దేని పెంకు తేలిగ్గా వస్తుంది? ఎందుకు?
3. గుడ్లను చల్లార్చే నీళ్లు తాగే నీళ్లే ఎందుకు కావాలి?
4. మీ బడిలో రోజూ 60 గుడ్లు ఉడికిస్తారనుకోండి. ట్రేలు నిల్వ చేయడం నుంచి వడ్డించడం దాకా వేళలతో సహా ఒక పట్టిక తయారుచేయండి. దాన్ని వంట చేసేవారికి చూపించి, వారి అనుభవాన్ని బట్టి సవరించండి.